రానని నేను అనలేదు

ఆదివారం, మధ్యాహ్నం
డాబా మీద గది

మా పెద్దోడికి,

అమ్మ దీవించి రాసేదేమిటంటే, ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు మండిపడుతున్నావని తెలుసు గనక నీ క్షేమం అడగడం లేదు. కోడలి క్షేమం, చంటిదాని క్షేమం అడుగుతున్నాను. దానికి పై పన్ను వచ్చిందా?

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మాట మధ్యలో దూరతావు. ఉత్తరానికి ఆ బాధ లేదు. చివరిదాకా చదివి, అప్పుడు కేకలెయ్యి.

"నీకేం తక్కువ చేశామమ్మా?" అని పెట్టిన మెసేజే మళ్లీ మళ్లీ పెడుతున్నావు. ఏమీ తక్కువ చెయ్యలేదు నాన్నా. అదే వచ్చిన చిక్కు. నేను పనిచేసే కర్టెన్ల షాపు మూసేశాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టావు. కుట్టుమిషను తీసుకెళ్లి మెట్ల కింద పెట్టి, దానికో దుప్పటి కప్పావు. గ్లాసు కడగబోతే గ్లాసు లాక్కున్నావు. రెస్టు తీసుకోమ్మా, రెస్టు తీసుకోమ్మా. నాకు రోగమేమిట్రా? మీ నాన్న పోయిన మర్నెల్లోనే మిషను ఎక్కి నిన్ను చదివించిన దాన్ని. ఈ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటే అవి ఎవరివో తెచ్చి నా ఒళ్లో పెట్టినట్టుండేది.

అలాంటప్పుడు మా పాత ఓనరు మాట మీద ఈ కంపెనీ నుంచి కబురొచ్చింది. సభలు జరిగే హాళ్లకి పెద్ద పెద్ద తెరలు కుట్టే చోటు. వచ్చి చేరమన్నారు. భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే నువ్వు మీ మావయ్య ముందు, "వీధి మలుపు దాకా ఆటో ఎక్కితేనే వాంతి చేసుకుంటుంది, ఆ ఊరెలా పోతుంది?" అని పకపకా నవ్వావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజమే గనక. బుద్ధెరిగినప్పట్నుంచీ మోటారున్న బండి ఏదెక్కినా నా కడుపు తిరగబడుతుంది. మనూరికి రైలా లేదు. ఎలా పోతుంది, ఎలా పోతుంది అన్నారే గానీ, గోడకి చేరేసి ఉన్న నా సైకిలు వంక ఒక్కరూ చూడలేదు. దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని నువ్వు అప్పటికే రెండుసార్లు అని ఉన్నావు కూడా.

కోడల్ని ఏమీ అనకు. ఆ పొద్దున తలుపు తీసింది తనే గానీ, నేను కూరలకి వెళ్తున్నాననుకుంది. నేను వెళ్లొస్తానన్నాను, అంతే. సాయంత్రం ఫోన్ చేసి క్షేమంగానే ఉన్నానని నీకు చెప్పానుగా. నువ్వు అరిచిందంతా విన్నాకే ఫోన్ పెట్టేశాను.

మొదటి రోజు హాయిగా సాగింది. చల్లగాలి, చదును రోడ్డు. సైకిలు మీద నా కడుపు చంటిపిల్లలా బుద్ధిగా ఉంటుంది. మధ్యాహ్నానికి వెనక చక్రం పంక్చరైంది. పంక్చర్లేసే పెద్దాయన ట్యూబు నీళ్లలో ముంచుతూ ఎక్కడికమ్మా అని అడిగాడు. ఊరి పేరు చెబితే ట్యూబు వదిలేసి నన్ను చూశాడు.

"మీవాళ్లెవరూ లేరా?" అన్నాడు.

"ఉన్నారు. అందుకే సైకిలు" అన్నాను.

"ఉద్యోగం ఖాయమేనా?"

"నేనైతే ఖాయం" అన్నాను. ఏమనుకున్నాడో, బ్రేకులు కూడా బిగించి పంపాడు.

రెండో రోజు మాత్రం నా తాతలు దిగొచ్చారు. ఘాట్ రోడ్డు ఉంటుందని తెలుసు, ఇంత ఉంటుందని తెలియదు. దిగి తోసుకుంటూ నడిచాను. ఒక మలుపు అయిపోతే ఇంకో మలుపు. పైగా వాన. జారి పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని తిట్టుకున్నాను. ముందు నిన్ను, తర్వాత నన్ను, తర్వాత ఆ కొండని. ఒక లారీ ఆగింది. డ్రైవరు నీ ఈడువాడే. "ఎక్కమ్మా, దించేస్తా, సైకిలు వెనకేస్తా" అన్నాడు. దాచడం ఎందుకు, ఎక్కాను. రెండు మలుపులు తిరిగేసరికి కిటికీలోంచి తల బయటపెట్టి లోపల ఉన్నదంతా కక్కేశాను. పాపం, వాడు హడలిపోయి బండి ఆపి, ఆస్పత్రి ఆస్పత్రి అంటాడు. "ఆస్పత్రి వద్దు బాబూ, నా సైకిలు దించు" అన్నాను. దించాడు. నేను మళ్లీ తోసుకుంటూ పోతుంటే, నా వెనకే లారీ దీపాలేసుకుని నెమ్మదిగా కొండ చివరదాకా వచ్చాడు. నేను ముందు, లారీ వెనక. ఎవరైనా చూస్తే మంత్రిగారి ఊరేగింపు అనుకునేవాళ్లు!

ఆ రాత్రికి కొండ దిగువన లారీలు తూచే కాటా దగ్గర ఆగాను. కాటా చూసే ఆవిడ తన గదిలోనే చోటిచ్చింది. మోకాలికి పసుపు రంగు మందు రాసింది. పొద్దున్నే సరదాకి నన్నూ సైకిలునీ కాటా మీద నిలబెట్టి తూచింది. అంత పెద్ద లారీలు తూచే కాటా కదా, మా ఇద్దరికీ కలిపి సున్నా చూపించింది. "నువ్వసలు లెక్కలోకే రాలేదక్కా" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం రోషమొచ్చింది. చూడు, మనిషికి ఎక్కడెక్కడ రోషమొస్తుందో! ఆ రోషంతోనే ఆ పూటంతా ఆగకుండా తొక్కాను.

ఊళ్లోకి వచ్చేసరికి నా అవతారం చూడాలి నువ్వు. చీర అంచంతా గ్రీజు, మొహమంతా దుమ్ము. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ పాతబట్టలు అడుక్కునే దాన్ననుకుని, ఇవాళ గుడ్డ ముక్కలేమీ లేవు పొమ్మన్నాడు. ముక్కలు కాదు, థాన్లకి థాన్లే కుట్టడానికి వచ్చానన్నాను.

లోపల సూపర్‌వైజరమ్మ కళ్లజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను ఎవరో చెప్పాను. "మీకు ఒంట్లో బాగాలేదు, రారు అని మీ అబ్బాయే ఫోన్ చేశాడే! మీ చోట్లో వేరే ఆవిడ చేరిపోయింది కూడా" అంది. అని, నేను అక్కడే కూలబడతాననుకుందేమో, స్టూలు ముందుకి జరిపింది. నేను కూర్చోలేదు.

"నాకు ఒంట్లో ఎలా ఉందో చూస్తున్నారుగా. రానని నేను అనలేదు. మా అబ్బాయి అన్నాడు. కుట్టేది వాడు కాదు" అన్నాను.

"అయినా ఖాళీ లేదమ్మా."

"మిషను మీద ఖాళీ లేదు. నేల మీద ఉందా?" అన్నాను.

ఆ హాలు గురించి నీకు చెప్పాలి. అద్దంలా తుడిచిన నేల, ఆ చివర నుంచి ఈ చివరదాకా పరిచిన ఎర్ర మఖ్మలు గుడ్డ. గుడ్డ కదలదు, చక్రాల బల్ల మీద మిషనే గుడ్డ వెంట నడుస్తుంది. అందరూ చెప్పులు బయట విడిచి పనిచేస్తారు. ఆరోజు ఏదో పెద్ద హాలు తెర మర్నాటికి అందించాలట, తెర ఎగరకుండా అడుగంచులో బరువు గొలుసు కుట్టడానికి ఆడవాళ్లంతా వరసగా నేల మీద కూర్చున్నారు. వరస చివర జాగా ఉంది. నేను కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని, వెళ్లి ఆ చివర కూర్చుని, సూది అందుకున్నాను. రమ్మని ఎవరూ అనలేదు. లెమ్మనీ ఎవరూ అనలేదు. సూపర్‌వైజరమ్మ రెండుసార్లు నా వెనక వచ్చి నిలబడింది. నేను తలెత్తలేదు. సాయంత్రం అందరి పేర్లూ రాసుకుంటూ నా దగ్గరకొచ్చి ఆగి, "ఇంతకీ ఏ బస్సుకి వచ్చావు?" అంది. సైకిలు మీద అన్నాను. నమ్మక, గేటు దాకా వెళ్లి సైకిలు చూసొచ్చింది. "రేపు పొద్దున్నే రా, చేతికుట్టు పని ఇస్తాను. ఆ సైకిలు లోపల పెట్టుకో, బయటైతే ఎత్తుకుపోతారు" అంది.

అలా చేరాను. మొదట రోజుకూలి మీద. మొన్న సోమవారం నుంచి పర్మనెంటు చేశారు. చేతికుట్టే. మిషను మీద వేసే రోజు కూడా వస్తుంది, నేను రప్పిస్తాను. నా చోట్లో చేరిందే, ఆవిడతోనే ఈ గది పంచుకుంటున్నాను. మంచిది, కానీ గురకపెడుతుంది. నా కుర్చీలో కూర్చున్నావు, నా నిద్ర కూడా నీకే కావాలా అని పొద్దున్నే దెబ్బలాడతాను. కింద టైర్ల కొట్టు, రోజంతా సుత్తి మోత. ఆ మోతకి నాకు భలే నిద్రపడుతుంది!

వచ్చే వారం నన్ను తీసుకెళ్లడానికి వస్తానని మీ మావయ్యతో అన్నావట. రా. చంటిదాన్నీ కోడల్నీ తీసుకురా. నా చేత్తో వండి పెడతాను, గ్లాసులు కూడా నేనే కడుగుతాను, నువ్వు కూర్చుని చూడు. హాలు చూపిస్తాను. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం ఎంతమంది వచ్చారో అంతమందే వెళ్తారు.

మిషను మీద దుప్పటి తీసెయ్యి. కోడలికి కుట్టు నేర్చుకోవాలని ఉంది. నీతో చెప్పడానికి జంకుతోంది, నాతో చెప్పింది.

నీ మీద కోపం లేదు. భయపడ్డావు, అంతే. నా గురించి భయపడే హక్కు నీకుంది. నా బదులు మాట్లాడే హక్కు లేదు.

ఇట్లు,
కుదురుగా కూర్చోలేని
మీ అమ్మ

తా.క. నువ్వు వాళ్లకి ఫోన్ చేసిన సంగతి నాకు ఇక్కడికొచ్చాకే తెలిసిందనుకుంటావు. కాదు. నేను బయల్దేరడానికి ముందు రోజే, ఫలానా రోజుకి వస్తున్నానని చెబుదామని ఫోన్ చేశాను. ఆఫీసులో ఎవరో అమ్మాయి ఎత్తి, మీ అబ్బాయి వద్దన్నాడు కదండీ, ఆ చోటు వేరేవాళ్లకిచ్చేశాం అంది. సరేనని పెట్టేశాను. ఆ సాయంత్రం నువ్వు నా పక్కన కూర్చుని, అమ్మా కాళ్లు నొప్పిగా ఉన్నాయా అంటూ కాళ్లు నొక్కావు. నిన్ను అడగాలనుకున్నాను. అడిగితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఆగిపోతాను. అందుకని నోరు మెదపలేదు. ఇక్కడ నాకు ఏ ఉద్యోగమూ లేదని తెలిసే, తెల్లారి లేచి సైకిలెక్కాను.