పైనుంచి కనిపించిన గట్లు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం.

బాపూ, నేను బాగున్నాను. నా వేలికి దెబ్బ తగిలిందని అక్క చెప్పిందట, ఫికర్ చేయకు. కొత్తగా డ్రోన్ ఎగరేయడం నేర్చుకుంటున్నాను, దాని రెక్క గీరుకుంది, అంతే.

ఈ పొద్దున ఊరి బయట, పొలాలు చదును చేసి ప్లాట్లు వేసిన చోట ఎగరేశాను. అది పైకి లేస్తుంటే నా కాళ్లు కూడా నేల వదిలినట్టే ఉంటుంది బాపూ. మేకలు కాసే కొండల్ తాత వచ్చి, డ్రోన్ కెమెరా చూసేదంతా కనబడే నా ఫోన్లోకి తొంగి చూశాడు. వానకు మొలిచిన గడ్డిలో, హద్దురాళ్ల నడుమ, పాత పొలం గట్లు ముదురు పచ్చ గీతల్లా కనబడుతున్నాయి. కింద నిలబడితే అవేవీ తెలియవు. తాత ఒక గీత మీద వేలు పెట్టి, "గిది నా మడే బిడ్డా! అమ్మినంక మల్ల గిప్పుడే చూస్తున్న. జరసేపు గట్లనే ఉంచు" అన్నాడు. బ్యాటరీ అయిపోవచ్చేదాకా డ్రోన్‌ను అక్కడే గాలిలో నిలబెట్టాను.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? అక్క పిల్లలకు నా ముద్దులు.

మన చేను కొంటామని ఆ ప్లాట్లు వేసేవాళ్లు మళ్లీ వచ్చారటగా. ఫోన్లో అడగలేక కార్డు రాస్తున్నాను. దసరాకు డ్రోన్ తెస్తాను, మన చేనును ఒక్కసారి పైనుంచి చూద్దువు. అప్పటిదాకా సంతకం పెట్టకు బాపూ.

నీ బిడ్డ,
నర్మద