ఎడమ పక్కన చెప్పిన మాట

మదనపల్లె,
6-2-2025, గురువారం.

నా చిన్నారి చెల్లెలు మునీశ్వరికి,

అక్క ఆదిలక్ష్మి ప్రేమగా రాస్తున్నది. మేమంతా బాగున్నాం. నీ జ్వరం తగ్గిందని తలుస్తాను. ఇంటినిండా ఫోన్లుండగా ఈ ఉత్తరమేమిటని ముక్కున వేలేసుకుంటావు. వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు నీ మనవళ్లు చదువుతారు. ఫోన్ చేద్దామంటే, అసలు చెప్పవలసిన సంగతే అది. నాకు వినపడదు మునీ.

రెండేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే కుడి చెవి ఇంకా పని చేస్తుంది. ఫోన్లో మాత్రం రేకు డబ్బాలో శనక్కాయలు వేసి ఆడించినట్టు ఉంటుంది. ఆదివారాలు నువ్వు అరగంట మాట్లాడతావే, అందులో నాకు అందేది నీ నవ్వొక్కటే. నువ్వు నవ్వితే నవ్వుతాను. గొంతు తగ్గిస్తే "అయ్యో పాపం" అంటాను. పోయిన నెల ఒకసారి అలాగే అన్నాను. నువ్వు టక్కున ఆగిపోయావు. ఏం చెప్పావో నాకు ఈనాటికీ తెలియదు.

ఎందుకు దాచావంటావా? నాన్న చివరి పదేళ్లు గుర్తు తెచ్చుకో. నీ పెళ్లి మాటలు ఆయన ముందే జరిగాయి, ఆయన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. "నాయనకేం ఇనపడతాదిలే" అన్నది ఇంకెవరో కాదు, నేనే. ఆయన మన నోళ్ల వంక చూస్తూ, అందరూ నవ్విన తర్వాత ఒక క్షణం ఆగి నవ్వేవాడు. ఇప్పుడు ఆ నవ్వు నేను నవ్వుతున్నాను. ఈ ఇంట్లో ఇంకా అన్నీ నన్ను అడిగే చేస్తారు. నా చెవుల సంగతి తెలిసిన రోజు నుంచి అడగడం మానేస్తారని భయం.

ఇక జరిగింది చెబుతాను. పోయిన ఆదివారం పుంగనూరులో నా మరదలు చెంగమ్మ మనవరాలికి పేరు పెట్టారు. నేను రానన్నాను. మీ బావ వినలేదు. "నీ తమ్ముడు పోయిన ఇల్లు. మనం గూడా పోకుంటే ఎట్లమ్మా" అన్నారు. అమ్మ పోయిన ఈ తొమ్మిదేళ్లలో నేను చెంగమ్మతో ఒక్క మాట మాట్లాడలేదని నీకు తెలుసు. అమ్మ మంచాన పడి నాలుగు రోజులైనా మనకు కబురు చేయలేదు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఇక్కడి నుంచి పుంగనూరు బస్సులో గంట దారి. ఆ గంట దూరం నన్ను రానివ్వలేదు ఆ మనిషి. తమ్ముడు పోయినప్పుడు కూడా ఇద్దరం చెరో మూల కూర్చుని ఏడ్చాం.

భోజనాలయ్యాక పందిట్లో ఒక కుర్చీలో కూర్చున్నాను. మైకు సెట్టు మోగిపోతోంది. చెంగమ్మ వచ్చి నా ఎడమ పక్కన కూర్చుని నా చేయి పట్టుకుంది. తల వంచుకుని ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. కన్నీళ్లు ఒళ్లో పడుతున్నాయి. పెదవులైనా చూద్దామంటే తల ఎత్తదు. ఒక్క ముక్క అందలేదు మునీ. చివరికి ఆగి నా ముఖంలోకి చూసింది. జవాబు కావాలని అర్థమైంది. మళ్లీ చెప్పమంటే నా గుట్టు బయటపడుతుంది, అదీ చెంగమ్మ ముందు. "సరేలే చెంగమ్మా, అట్లే కానీ" అన్నాను.

ఆమె నా చేతిని కళ్లకద్దుకుంది. లేచి వెళ్లి మీ బావకూ, మా మధుకూ, కోడలు రూపకూ చెప్పింది. "వదిన ఒప్పుకునింది" అన్న మాట మాత్రం దూరం నుంచి పెదవులు చూసి పట్టుకున్నాను. అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

ఏమి ఒప్పుకున్నాను? బస్సులో మీ బావ నా కుడి పక్కన కూర్చుని, "ఇంత సుళువుగా సరే అంటావని నేను అనుకోలా" అన్నారు. నేను కిటికీ వైపు తిరిగాను. ఇంటికొచ్చాక రూప, "అత్తా, పదహారో తేదీ ఆదివారం పదిగంటలకు వస్తారంట. భరత్ తోడొస్తాడు. ఆ పొద్దుకి సుష్మను రమ్మన్యాను, దాని గది కాలీ సేయాల గదా" అంది. మధు ఆ గదికి రంగు వేయిస్తున్నాడు. ఎదురింటి బయ్యమ్మ వచ్చి "మంచి పని సేస్తివమ్మా" అని పోయింది. అందరికీ తెలుసు, నాకు తప్ప.

నా మనవరాలి గది ఖాళీ చేయడం, చెంగమ్మ చిన్న కొడుకు భరత్ రావడం. భరత్ సుష్మకు మామ వరస. నాకు ఇంకేం తోస్తుంది చెప్పు? పోయిన సెలవుల్లో సుష్మ నా పక్కన పడుకుని, "చదువు అయ్యేదాకా నా పెండ్లి మాట ఎవురెత్తినా నువ్వు అడ్డం నిలబడాలవ్వా" అని చేతిలో చేయి వేయించుకుంది. ఆ చేత్తోనే ఇప్పుడు పిల్లను ఇచ్చేశానేమో.

నువ్వు చెంగమ్మకు ఫోన్ చేసి, నా పేరు రాకుండా, నేను ఏం ఒప్పుకున్నానో కనుక్కో. వెంటనే రాయి.

నీ అక్క,
ఆదిలక్ష్మి


కుప్పం,
10-2-2025, సోమవారం.

పెద్దక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పోయిన నెల నేను ఫోన్లో చెప్పింది మా పెద్దోడికి బ్యాంకులో మేనేజరు ఉద్యోగం వచ్చిందని. నువ్వు "అయ్యో పాపం" అన్నావు. మా అక్కకు ఇంత కుళ్లు ఎప్పుడొచ్చిందని పదిరోజులు మీ బావతో అదే గొడవ. అంటే మా ఆయనతో. కంగారులో ఎవరి బావో కూడా తెలియడం లేదు.

చెంగమ్మ వదినకు ఫోన్ చేశాను. ఆదివారం సంగతేమిటి వదినా అని ఊరకే అడిగినట్టు అడిగాను. ముందు నా జ్వరం తగ్గిందా అని అడిగింది. తర్వాత, "మీ అక్క సరే అనింది మునీ. అది సాలు నాకు. మళ్లా అడిగితే యాడ మారిపోతాదో అని బయంగా ఉండాది. ఆదివారం దాకా ఎవురూ ఏమీ కదిలించొద్దండి" అని పెట్టేసింది. ఆ గొంతు విన్నాక నాకూ నీ అనుమానమే నిజమనిపించింది.

నిన్న సుష్మ ఇక్కడి కాలేజీ హాస్టలు నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చింది. "గది వదిలేయాలంట చిన్నవ్వా, నా పుస్తకాలన్నీ పెట్టెల్లో ఎత్తిపెట్టాలంట" అని ముఖం ముడుచుకుంది. ఇంకా అడిగితే నీ సంగతి చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను.

అక్కా, నాకు ఒక్కటే తోస్తోంది. పిల్ల గొంతు మీదికి వచ్చాక నీ గుట్టుతో పనిలేదు. అందరి ముందు చెప్పేయి. నాన్న పాపం చెప్పలేదు, మనమూ అడగలేదు. నిన్ను అట్లా కూర్చోబెడితే నేను కుప్పం నుంచి వచ్చి పోట్లాడతాను.

నీ చెల్లెలు,
మునీశ్వరి


మదనపల్లె,
18-2-2025, మంగళవారం.

మునీ తల్లీ,

చెప్పేశాను. ఎలా జరిగిందో రాస్తాను, కూర్చుని చదువు.

ఆదివారం పదింటికి కారు వచ్చింది. భరత్ దిగాడు, వెనక తలుపు తీసి చెంగమ్మను దించాడు. ఆమె చేతిలో ఒక బట్టల సంచి. అంత పెద్ద సంచి ఎందుకా అని కూడా నాకు తోచలేదు. నా గుండె చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తోంది. సుష్మ అందరికీ కాఫీలు తెచ్చింది. అది చూసి ఇది పెళ్లిచూపులే అనుకున్నాను. భరత్ గ్లాసు అందుకోగానే లేచి నిలబడ్డాను.

"నేనొక మాట సెప్పాల" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వీధిలో పోయేవాళ్లు తిరిగి చూశారు. "నాకు రెండేండ్లుగా సెవులు సరిగ్గా ఇనపడవు. ఆ పొద్దు పందిట్లో చెంగమ్మ సెప్పింది ఒక్క ముక్క నాకు ఇనపడ్లా. ఇనపడకుండానే సరే అంటిని. అది మాట కిందికి రాదు. సుష్మకు ఇష్టం లేకుండా భరత్‌కిచ్చి సేసేదానికి నేను ఒప్పుకోను."

భరత్ నోట్లో కాఫీ చొక్కా మీద పడింది. "నాకా? సుష్మనా? అత్తా, చిన్నప్పుడు దాని ముక్కు నేనే తుడస్తా ఉంటిని గదా!" అన్నాడు. సుష్మ నేల మీద కూలబడి నవ్వింది. మీ బావ నవ్వారు, మధు నవ్వాడు. రూప నవ్వుతూనే లేచి వచ్చి, నా కుడి పక్కన కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. చెంగమ్మకు బుధవారం ఇక్కడ ఆస్పత్రిలో మోకాళ్ల ఆపరేషన్. తర్వాత రెండు నెలలు రోజూ వచ్చి కాళ్లకు వ్యాయామం చేయించుకోవాలి. ఈ ఊళ్లోనే ఉన్న పెద్ద కొడుకు నవీన్ ఇల్లు రెండో అంతస్తులో ఉంది, ఎక్కి దిగలేదు. మన ఇంట్లో ఉండనిస్తావా అని ఆమె నన్ను అడిగింది. నేను ఒప్పుకున్నది అది.

నవ్వని మనిషి చెంగమ్మ ఒక్కటే. ఆమె సంచి దగ్గరికి లాక్కుని, "పోదాం రా నాయనా భరత్. ఆమె సరే అనలేదంట గదా" అని కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. కాలు సహకరించలేదు. ఇంట్లో నవ్వు ఆగిపోయింది.

"కూసో" అన్నాను. "అంతసేపు ఏడ్సింది ఒక గది కోసమా? అంతా సెప్పు. ఎదురుగా కూసోని సెప్పు."

చెంగమ్మ నన్ను తేరిపార చూసింది. "నీకు ఇనపడదని నాకు తెలుసు వదినా. ఆ పొద్దు గుమ్మంలో రెండుసార్లు పిలిస్తి, తిరగలా. అప్పుడే తెలిసిపోయింది. తెలిసే ఆ పక్క కూసుంటి. నీకు ఇనపడేటట్టు సెప్పే దైర్యం నాకు లేకపాయ."

"ఇప్పుడు ఇనపడేటట్టు సెప్పు."

చెప్పింది మునీ. నాకు వినపడాలని అరిచి చెప్పింది. బయ్యమ్మ తన గుమ్మంలో చేట పట్టుకుని నిలబడిపోయింది. తొమ్మిదేళ్లు దాచుకున్న మాట వీధి వీధంతా విన్నది. "డాక్టరు సెప్పినాడు వదినా, బిడ్డల్ని పిలిపించండని. మీ తమ్ముడు ఫోన్ పట్టుకుంటే నేనే వద్దంటి, ఈ పొద్దు కొంచెం మేలుగా ఉండాది, రేపు సూద్దామంటి. నువ్వొస్తే అత్త నీ సెయ్యి పట్టుకుంటాది. ముప్పై ఏండ్లు నేను సేసినా ఆకరికి నీ సెయ్యే పట్టుకుంటాది. అది నేను సూడలేననుకుంటి. అందుకే పిలవనీలా."

నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఒళ్లంతా మండిపోయింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను, కాని అది నా ఇల్లే. ఒక్క మాట అడిగాను. "అమ్మ ఎవురి సెయ్యి పట్టుకునింది?"

చెంగమ్మ గొంతు పడిపోయింది. పెదవులు చూసి తెలుసుకున్నాను. "ఎవురిదీ పట్టుకోలా. నిద్దర్లోనే పోయింది. నా సెయ్యి ఆడనే పక్క మీద ఉండింది. ఊరకే ఉండింది."

అందరూ నా వైపే చూస్తున్నారు. చెవులు వినపడవని చెప్పి పావుగంట కాలేదు, అయినా నా మాట కోసమే చూస్తున్నారు. చివరికి, "అమ్మ సంగతి నాకింకా సరే కాలేదు చెంగమ్మా. అవుతుందో లేదో సెప్పలేను. గది సంగతి సరే. ఇప్పుడు ఇని సెప్తాండాను" అన్నాను. సంచి నేనే తీసుకెళ్లి సుష్మ గదిలో పెట్టాను. బరువుగా ఉంది. నా వెనకాల మీ బావ ముక్కు చీదిన చప్పుడు ఎలాగో వినపడింది.

రేపు ఆపరేషన్. శుక్రవారం నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుందట రూప. రెండేళ్లుగా నాకు అనుమానంగానే ఉండిందత్తా, అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్యాను అంటుంది. చూశావా, వాళ్లూ దాచారు. మీ బావ ఇప్పుడు నా ముందుకొచ్చి నిలబడి, నోరంతా తెరిచి, బడిపిల్లకు అక్షరాలు చెప్పినట్టు "స...న్నీ...ళ్లు" అని చల్లటి నీళ్లు అడుగుతున్నారు. ఆ తెరిచిన నోరు చూసి నిన్న నాకు నవ్వాగలేదు, ఆయన అలిగారు.

చెంగమ్మకు ఫ్యాను వేగం నచ్చదు, నా చారులో పులుపు చాలదు. పిలిస్తే నేను పలకనని ఈ పొద్దు మధ్యాహ్నం గదిలోంచి తువ్వాలు ఉండచుట్టి విసిరింది. అది వచ్చి నేను ఏరుతున్న కందిపప్పులో పడింది. కోపంగా వెళ్లి ఏం కావాలని అడిగాను. "ఏమీ లేదు. ఊరకే పిలిస్తి" అంది.

తిరిగి రాబోయి ఆగాను. మంచం మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆ నాలుగు రోజులూ అమ్మ ఏం తిన్నది, ఏం అడిగింది, ఎవరి పేర్లు తలుచుకుంది, మొదటి రోజు పొద్దుటి నుంచి అన్నీ చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టింది. నీ పేరు చెప్పి అమ్మ ఎందుకో నవ్విందట. పప్పు పొయ్యి మీద పెట్టాలని లేచాను కాని, మళ్లీ కూర్చున్నాను. సాయంత్రమైనా మొదటి రోజు ఇంకా పూర్తి కాలేదు. నేనూ తొందర పెట్టలేదు.

ఇట్లు నీ అక్క,
ఆదిలక్ష్మి