వాపు తగ్గని నాలుగు రోజులు

నవంబరు 9, మంగళవారం
పిల్లల ఆసుపత్రి, రెండో అంతస్తు

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ క్షేమమని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. నీ సొరంగం పని దగ్గర ఫోను పలకదు, అందుకే అక్కడికి వచ్చే సిమెంటు లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

పోయిన నెల నీ కూతురు పిచ్చుకకు గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి కదా. మొన్న శుక్రవారం నిద్ర లేచేసరికి పిల్ల కళ్లు తెరుచుకోనంతగా మొహం ఉబ్బింది. మూత్రం పాలు కలపని టీ రంగులో వచ్చింది. ఇక్కడ చేర్చాను. గొంతులో క్రిమి పోయినా, దాని మీద ఒళ్లు చేసే పోరాటం రెండు మూడు వారాలకు కిడ్నీలకు తగులుతుందట. రక్తపోటు పెరిగింది. ఇంకా పెరిగితే ఫిట్స్ రావచ్చట.

డాక్టరమ్మతో దెబ్బలాడాను. గొంతుకూ కిడ్నీకీ ముడిపెట్టి జనాన్ని బెదిరిస్తారా, మీ సంగతి మా సంఘం కరపత్రాల్లో ఎప్పుడో చదివాను అని అరిచాను. ఆవిడ తాపీగా, బాబూ, ఉపన్యాసం అయ్యాక పాప మూత్రం ఎంత పోసిందో కొలిచి రాయి అంది. వార్డంతా నవ్వింది. పిచ్చుక కూడా ఆ ఉబ్బిన మొహంతోనే, మామయ్యా మైకు తెప్పించమంటావా అంది.

ఉప్పు మానిపించారు. నీళ్లు కొలిచి ఇస్తున్నారు. మూత్రం ఎక్కువగా వచ్చే మందు ఇస్తున్నారు. అయినా వాపు తగ్గలేదు సరికదా, ఇవాళ తూకం ఇంకా పెరిగింది. బయటినుంచి ఏమైనా పెడుతున్నారా అని డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. లేదన్నాను. నన్ను దొంగను చూసినట్టు చూడొద్దని కూడా అన్నాను.

వెంటనే బయలుదేరు.

నీ తమ్ముడు

తా.క. అక్కా, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పైన రాసింది సగమే. మూత్రం తగ్గిందంటే ఒంట్లో నీరు లేకే అనుకున్నాను. నీరసించిన పిల్లలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లే ప్రాణమని ఒక కరపత్రంలో ఉంది. అది విరేచనాల గురించి రాసిందని ఇవాళే చూశాను. వీళ్లు పిల్లను ఎండబెడుతున్నారన్న కోపంతో, నర్సు అటు తిరగ్గానే రోజుకు నాలుగు గ్లాసులు పట్టించాను. వద్దు మామయ్యా, ఉప్పగా ఉంది అంటే, పోరాడేవాళ్లు ఏడవరని చెప్పి మరీ పట్టించాను. ఇందాక తలనొప్పి అంది, కళ్లు మసకేస్తున్నాయంది. పరుగెత్తి వెళ్లి డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. ఎన్ని గ్లాసులు, ఎప్పుడెప్పుడు అని అడిగి రాసుకుంది. పిచ్చుకను వేరే గదిలోకి తీసుకెళ్లారు. నన్ను రానివ్వలేదు. తలుపు ఇవతల నిలబడి ఇది రాస్తున్నాను. నువ్వు నన్ను కొడుదువుగాని, ముందు రా.