విధి పేరున పడిన గోడ

ఎమ్మిగనూరు, శ్రావణ సోమవారం.

తమ్ముడూ,

నీ పెట్టెలో నీ కొడుకు దాచిన పాత పేపరు ముక్క దొరికింది, అందుకే రాస్తున్నాను. ‘విధి వక్రించి గోడ కూలి నేతగాడి మృతి’ అని ఉంది. విలేకరికి ‘విధి’ అన్న ఆ మాట చెప్పింది నేనే. తడి ఉంటే పోగు తెగదని మగ్గం పక్క మట్టిగోడకు నువ్వు రోజూ నీళ్లు చల్లేవాడివి. ఆ తడికే గోడ నాని నీ మీద కూలింది. పోయిన నిన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

మళ్లీ కట్టిన ఆ గోడకే ఇవాళ నీ కొడుకు నీళ్లు చల్లి నేతకు కూర్చున్నాడు.

“బీటలిచ్చింది, చూసినావా?” అన్నాను.

“ఏం కాదులే అత్తా. నాయనది విధి. పేపర్లోనే రాసినారు కదా.”

ఆ మాట నాదేనని చెప్పాను. మగ్గం ఆగింది.

ఇక జరగవలసినవి:

1. మగ్గాన్ని ముందుగదికి మార్చాలి, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత అక్కడ కొత్తగా తవ్వాలి.
2. ఆ గోడను మనమే పడగొట్టాలి.
3. అంతవరకు నేను ఆదోనికి తిరిగి వెళ్లను. నా కుర్చీ ఆ గోడ పక్కనే ఉంటుంది, కూలితే వాడితోపాటు నా మీదా కూలాలి.