నాచారం గోడ నాకిచ్చారు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సర్కారు గోడల మీద బొమ్మల పని ఇప్పుడు కాంట్రాక్టర్ లేకుండా నేరుగా ఆర్టిస్టులకే ఇస్తున్నారు. నువ్వు అడిగింది ఇదే. అడిగినందుకే కాంట్రాక్టర్ సత్తయ్య నిన్ను చిల్కానగర్‌లో రాడ్‌తో కొట్టి చంపాడు.

ఈ ఉదయం ఆ పని అడగడానికి నా బొమ్మలు తీసుకుని ఉప్పల్ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. బెయిల్ మీద బయటికొచ్చిన సత్తయ్య గేటు దగ్గరే ఉన్నాడు.

"మీ అన్న సంగతి మర్సినవా?" అంటూ బొమ్మలు లాక్కుని చింపేశాడు. జుట్టు పట్టుకుని నా ముఖాన్ని గేటుకేసి కొట్టాడు. నా సంచిలోని రంగు డబ్బా తీసి వాడి మూతి మీద కొట్టాను. పళ్లు రాలినా ఆపలేదు. వాచ్‌మన్ వచ్చి నన్ను పక్కకు లాగేశాడు. సత్తయ్యకంటే, ఆగని నా చెయ్యి చూసే ఎక్కువ భయమేసింది.

లోపల ఆఫీసర్ మేడమ్ కంగారుపడింది. "ముందుగాల దవాఖానాకు పో అమ్మా."

"జర కాగితం ఇయ్యున్రి మేడమ్. బొమ్మ గీసి పోత."

ముక్కు నుంచి కారే రక్తం తుడుచుకుంటూ, షిఫ్టు దిగి వస్తున్న ఫ్యాక్టరీ ఆడవాళ్లను గీశాను. ఆమె చాలాసేపు చూసి నాచారం గోడ నాకిచ్చింది.

రేపే మొదలుపెడతాను. ఎడమ కన్ను తెరుచుకోవడం లేదు. కుడి కన్ను చాలు.

నీ చెల్లె