నా ఫోన్ల పదకొండు జీబీ

2 జూన్ 2025, సోమవారం

ఫోన్ మల్ల హ్యాంగ్ అయింది.

కాలనీ గ్రూపుల వెంకటయ్యకు జవాబు రాస్తాన. ఆయన కాలనీ అధ్యక్షుడు. బోరు మోటర్ ఎప్పుడు వెయ్యాల్నో తెల్వదు గని పేరు ముందట అధ్యక్షుడు అని రాసుకుంటడు. పన్నెండు లైన్లు రాసిన. మంచిగ కుదిరింది. పంపుదామని వేలు పెట్టంగనే స్క్రీన్ నల్లగయింది. మల్ల ఆన్ అయ్యేసరికి పదకొండు నిమిషాలు. రాసింది అంత పోయింది. కోపం సుత సల్లారింది. సల్లారినంక రాస్తే అది తిట్టు కాదు, వినతిపత్రం.

స్టోరేజ్ ఫుల్ అని చూపెడతాంది. ముప్పై ఆరేండ్లు కాజీపేటల గూడ్సు గార్డుగ చేసిన. యాభై ఎనిమిది వ్యాగన్లు ముందట పెట్టుకొని బల్హార్షా దాంక పోయొచ్చిన. జేబుల పట్టే ఈ డబ్బకు మోయస్తలేదంట.

3 జూన్

ప్రీతికి ఫోన్ చేసి అడిగిన. నా బిడ్డ. హన్మకొండల టీచరు. వాట్సప్‌ల వచ్చిన ఫొటోలు డిలీట్ చెయ్యి డాడీ అన్నది. రెండో తరగతి పిల్లలకు చెప్పినట్టు రెండుసార్లు చెప్పింది.

కూసొని తీసేసిన. రెండువేల మూడొందల గుడ్ మార్నింగ్‌లు. గులాబీలు, పావురాలు, పొద్దు పొడుపు మీద బైబిల్ వాక్యాలు. ఇంట్ల బైబిల్ మీద దుమ్ము దులపనోళ్ళు నాకు వాక్యాలు పంపుతాండ్రు. మా తమ్ముడు జోయెల్‌వే ఆరువందల పన్నెండు. నెక్కొండల హెడ్మాస్టర్ వాడు. ఒకటే గులాబి తొమ్మిదిసార్లు పంపిండు. పిల్లలకు సుత ఒకటే పాఠం చెప్తాండేమో.

అన్ని తీస్తే అర జీబీ సుత ఖాళీ కాలే. పంపేది చెత్త, అండ్ల బరువు సుత లేదు.

5 జూన్

ఫోన్ క్లీన్ చేస్త అని చెప్పే యాప్ ఒకటి ఎక్కించిన. అదే నూట ఎనభై ఎంబీ తిన్నది. ఊడుస్త అని ఇంట్లకొచ్చి మంచమేసుకొని పన్నట్టు. ఐదు నిమిషాలకోసారి మోకాళ్ళ నూనె యాడ్. తీసి పారేసిన.

పొద్దుగాల వాకింగ్‌ల కుమారస్వామికి చెప్తే నవ్విండు. లోకో పైలట్‌గ చేసి నాతోని ఒకటే నెలల రిటైరయిండు. మా ఇంటికి రెండిండ్ల అవతల. రోజూ బ్రిడ్జి దాంక నాతోనే నడుస్తడు. ఆయన ఫోన్ల ఏ కష్టం లేదంట. ఎందుకుంటది, ఎత్తుడు, పెట్టుడు తప్ప ఏం రాదు.

7 జూన్

స్టేషన్ కాడ మొబైల్ షాపుకు పోయిన. కౌంటర్ల పూజ అని ఒక పిల్ల. ఫోన్ చేతులకు తీసుకోకుండనే కొత్తది కొనుక్కోండి అంకుల్ అన్నది. డాక్టర్ నాడి చూడకుండనే శవపేటిక కొలత తీసినట్టు. నేను కదలకుండ నిలబడేసరికి, తల ఎత్తకుండనే, సెట్టింగ్స్‌లకు పోయి స్టోరేజ్ ఒత్తితే ఏది ఎంత తింటాందో కనవడతది అన్నది.

ఈ వారం మొత్తం మీద నాకు వినవడ్డ ఒక్క పనికొచ్చే మాట.

8 జూన్, ఆదివారం

చర్చి. పాస్టర్ గంటన్నర చెప్పిండు. ఆయనకు ఫుల్ అనేది ఉండది.

9 జూన్

దొరికింది. ఆడియో. పదకొండు జీబీ.

నేను పాటలు వినేటోన్ని కాదు. ఒత్తి చూస్తే కాల్ రికార్డింగ్స్. నాలుగువేల నూట ఆరు.

అప్పుడు యాదికొచ్చింది. మూడేండ్ల కింద నీళ్ళ ఫిల్టర్ అమ్మినోడు నేనట్ల అనలేదని ఫోన్ల మొఖం మీదనే అబద్ధమాడిండు. గసొంటోళ్ళను పట్టుకుందామని ప్రీతితోని అన్ని కాల్స్ వాటంతట అవే రికార్డయ్యేటట్టు పెట్టించిన. మరిచిపోయిన. అది మరువలే. మూడేండ్ల సంది నా ప్రతి మాట దాచిపెడతాంది.

ఒక్కసారే డిలీట్ కొట్టొచ్చు. కని ఏమున్నదో చూడకుండ ఏ బండికీ సీలు వెయ్యలే నేను. రేపు వింట.

10 జూన్, పొద్దుగాల 11

ఫిల్టర్‌వాన్ని విన్న. వాన్ని నిలబెట్టి కడిగిన. శెబ్బాష్ అనిపించింది.

తర్వాత జోయెల్. నిరుడు జనవరి. కొత్త ఇల్లు కట్టుకున్నడు, ప్రార్థనకు రమ్మని పిలవనీకి చేసిండు. మెట్లు ఎందుకు తప్పు, కిటికీలు ఎందుకు తప్పు, మొత్తం మీద అది ఇల్లు కాదు గూడ్సు షెడ్డు అని తొమ్మిది నిమిషాలు చెప్పిన. అండ్ల వాడు "ఊ అన్నా" అన్నది లెక్కపెట్టిన. నలభై ఒక్కసారి. వెన్నుపూస లేనోడు.

అదే రోజు, 4 గంటలు

కింద ఇంకో ఫైల్ ఉన్నది. అదే నంబర్, అదే దినం, నలభై నిమిషాల తర్వాత. నేను జోయెల్‌కు తిరిగి చెయ్యలే. అప్పుడు నేను స్నానంల ఉంటి కావచ్చు.

ఒత్తిన. మార్త గొంతు. నా భార్య.

"జోయెలూ, నేను వదినను. అన్న మాటలు మనసుల పెట్టుకోకు. ఇల్లు ఆయనకు మస్తు నచ్చింది. మెచ్చుకోవుడు రాదు, అంతే."

నాకు ఆ ఇల్లు నచ్చలే. పచ్చి అబద్ధం. అబద్ధమాడేటోళ్ళను పట్టుకుందామని పెట్టిన రికార్డర్ల నా పెండ్లామే దొరికింది.

11 జూన్

పొద్దంత విన్న. మార్తకు సొంత ఫోన్ లేదు. నాకెందుకు అనేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది, నాది ఉండనే ఉండె.

నేను ఎవనికన్న గట్టిగ చెప్పిన ప్రతి కాల్ కింద, గంటకో రెండు గంటలకో, ఆమెది ఒకటి. వెంకటయ్యకు. పాస్టర్ భార్యకు. ప్రీతి అత్తగారికి. గ్యాస్ ఆఫీసుల గుమాస్తాకు సుత. ఆయనకు బీపీ ఉన్నదన్నా. ఆయనకు నిద్ర పట్టదమ్మా. మనిషి మంచోడే. అరవై దాంక విన్న. నాకు బీపీ లేదు. గుండ్రాయి లెక్క పంట.

ఒకటి కుమారస్వామికి. 2023 ఆగస్టు పద్నాలుగు.

ఆ సంగతి రాయాలె. సర్వీసుల ఉన్నప్పుడు ఒక్కసారి కుమారస్వామి బండిని ఎర్ర సిగ్నల్ దాటించిండు. బండి పొడువంత సుత పోలే, ఎవ్వరికి ఏం కాలే. కని సస్పెండ్ చేసిండ్రు. రెండేండ్లు మనిషి మనిషిల లేడు. రైల్వోళ్ళు ఎవ్వరు ఆ మాట ఆయన ముందట తియ్యరు. స్టేషన్ కాడ చాయ్ హోటల్ల, ఎనిమిది మంది ముందట, నేను తీసిన. ఏదో వాదన. దేని మీదనో సుత యాదికి లేదు. తెల్లారి ఎప్పటోలె వాకింగ్‌కు వచ్చిండు. ఆనాటి డైరీ తీసి చూసిన. "కుమారస్వామికి రోషం లేదు" అని రాసుకున్న.

రికార్డింగుల మార్త ఏడుస్తాంది. ఆఖరుకు కుమారస్వామి అన్నడు.

"నీ మొఖం చూసి వస్త చెల్లె. ఆయన మొఖం చూసి కాదు."

మూడుసార్లు విన్న.

12 జూన్

అడిగిన. అన్నం తినేటప్పుడు. నా తరఫున అడుక్కోమని నీకు ఎవరు చెప్పిండ్రు అన్న. ఊరంత నా పరువు తీసినవన్న. ఇంకా చాన అన్న. రికార్డ్ అయ్యుంటే పది నిమిషాలు వచ్చేది.

తప్పు చేసినట్టు తల దించుకుంటదనుకున్న. ఎన్ని విన్నవు అని అడిగింది. అరవై అన్న.

"అరవై విన్నవు. అండ్ల ఒక్కదాంట్లనన్న నిన్ను తక్కువ చేసిన్నా?"

పప్పు గిన్నె నా దిక్కు జరిపి లేసింది. చెయ్యి కడుక్కొని వచ్చి, ఇయ్యాల్టి సంది నీ ఫోన్ ముట్టను అన్నది. ఇగ నీ మాటలు నువ్వే మోసుకో అన్నది. గొంతు సుత పెంచలే.

మంచిదే అనుకున్న.

13 జూన్

రికార్డింగ్ బంద్ పెట్టిన. నాలుగువేల నూట ఆరు సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టిన. నిజంగనే తియ్యాల్నా అని అడిగింది. డబ్బ నన్ను అడుగుతాంది. ఒత్తిన. నావి పోయినయ్, ఆమెవీ పోయినయ్.

ఫోన్ ఇప్పుడు రాజధాని ఎక్స్‌ప్రెస్ లెక్క ఉరుకుతాంది.

14 జూన్

జోయెల్‌కు ఫోన్ చేసి గులాబీలు పంపుడు బంద్ చెయ్యమన్న. చదువుకున్నోడు చేసే పనేనా అన్న. సరే అన్నా అన్నడు.

16 జూన్, సోమవారం

వెంకటయ్యకు ఇరవై లైన్లు. నడుమ ఎక్కడ ఆగకుండ రాసిన, ఒత్తంగనే పోయింది. మాపటికి చూస్తే గ్రూపుల నేను లేను. అధ్యక్షుడు తీసేసిండు.

ఇంతకన్న ఘోరంగ అన్న దినాలున్నయ్. తెల్లారి పాల ప్యాకెట్ కాడ నవ్వుకుంట నమస్తే పెట్టేటోడు. నన్ను చూసి భయపడతాండనుకున్న ఇన్నొద్దులు.

మార్త దిక్కు చూసిన. బియ్యం ఏరుకుంటాంది.

18 జూన్

కుమారస్వామి మోకాలు నొస్తాందని బ్రిడ్జి కాడ ఆగిండు. "సిగ్నల్ చూడకుండ పోయేటోనివి, ఇయ్యాలేం ఆగినవు" అన్న.

అనాలనుకోలే. నోట్లకెళ్ళి వచ్చింది. విన్నంక, తెలిసినంక, మల్ల అదే మాట.

ఆయన అటు తిరిగి కుంటుకుంట పోయిండు.

19 జూన్

రాలే.

20 జూన్

రాలే. ఒక్కన్నే బ్రిడ్జి దాంక పోయిన. పక్కన ఎవడన్న ఉంటే వాన్ని ఏదో ఒకటి అనుకుంట నడుస్తం. ఒక్కన్నే నడిస్తే నా చెప్పుల సప్పుడు నాకు విసుగొచ్చింది.

21 జూన్

ఫోన్ నిండ చార్జింగ్ పెట్టి మార్త పక్కన మంచం మీద పెట్టిన. కుమారస్వామి నంబర్ తీసి పెట్టిన సుత. స్నానానికి పోయిన. ఎప్పటికన్న ఎక్కువసేపు చేసిన, రెండు బకెట్లు.

వచ్చి చూస్తే ఫోన్ కిటికీల ఉన్నది. మంచం మీద బట్టలు మడత పెడతాంది. నాకు అడ్డమొచ్చింది, జరిపిన అన్నది.

22 జూన్, ఆదివారం

చర్చి నుంచి ప్రీతి మా ఇంటికే వచ్చింది. తింటాంటే మాటల్ల మాట, చిన్నాయన రిపోర్టులు వచ్చినయా అని అడిగింది. ఏం రిపోర్టులు అన్న. ఆగిపోయింది. నీకు తెల్సనుకున్న డాడీ అన్నది.

జోయెల్‌కు వారం కింద రొమ్ముల నొప్పి వచ్చిందట. వరంగల్‌కు వచ్చి దవాఖానల రెండొద్దులున్నడట. నాకు చెప్పలే. ఆటోల మా సందు ముందటికెళ్ళే స్టేషన్‌కు పోయిండట.

నీకు తెల్సా అని మార్తను అడిగిన. తెల్వదన్నది. మొఖం తెల్లగయింది. అది అబద్ధం కాదు.

నేను కూర బాగలేదని అనబోయి అనలే.

23 జూన్

జోయెల్‌కు ఫోన్ చేసిన. నంబర్ ఒత్తనీకి గంట పట్టింది, ఫోన్ తప్పు కాదు. రిపోర్టు ఏం వచ్చిందిరా అన్న. ఒక నరం సన్నబడ్డదట, మందులు ఇచ్చిండ్రట, ఫికర్ చెయ్యకు అన్నా అన్నడు. నాకు ఇంకేం చెప్పాల్నో తెల్వలే. వాడు ఇంకేందన్నా అన్నడు. తిట్టు కోసం చూస్తాండు. ఎప్పుడు పడ్తదో, పడ్డంక పెట్టేద్దామని.

"మెట్లు జర నిమ్మలంగ ఎక్కు" అన్న.

"ఆ అన్నా" అన్నడు. ఆ ఒక్క మాట ఎన్నడు వినని తీరుగ అన్నడు.

నాలుగు నిమిషాల కాల్. నేను మాట్లాడింది అర నిమిషం లేదు.

24 జూన్

కుమారస్వామి ఇంటికి పోయిన. రెండిండ్ల దూరం. దారిల నాలుగు వాక్యాలు తయారు చేసుకున్న. మంచి వాక్యాలు.

ఆయన భార్య చిలుకమ్మ తలుపు తీసింది. రమ్మనలే, పొమ్మనలే. పక్కకు జరిగింది. ఆయన వెనక రేకుల కింద కూలర్ ఇప్పి పాత గడ్డి పీకుతాండు. నన్ను చూసిండు, మల్ల గడ్డి దిక్కే చూసిండు. నాలుగు వాక్యాలల్ల ఒక్కటి యాదికి రాలే.

"మార్త పంపలే. నేనే వచ్చిన" అన్న.

చానసేపు గడ్డే పీకిండు. తర్వాత, నా దిక్కు చూడకుండ, కండ్లు మూస్తే ఇప్పటికీ ఆ సిగ్నల్ ఎర్రగనే కనవడతదన్నడు. ఏండ్లయినా పోదన్నడు. నువ్వు అన్నందుకు కాదు, నువ్వు దాన్ని నవ్వుకుంట అంటవు అన్నడు.

కూలర్ జాలీ చట్రం రెండో దిక్కు పట్టుకున్న. ఆయన గడ్డి పరిచే తీరు పూర్తిగ తప్పు. కింద పల్చగ, మీద మందంగ. నీళ్ళు నిలువయ్. ఆయన చెప్పిన కాడ పట్టుకున్న.

చిలుకమ్మ చాయ్ ఇచ్చింది. ఉత్త నీళ్ళు. మంచిగున్నదని చెప్పిన.

రేపు వస్తవా అని నేను అడగలే. వస్త అని ఆయన చెప్పలే.

25 జూన్

ఐదున్నరకు గేటు కాడ నిలబడ్డ. కుమారస్వామి ఐదు యాభై రెండుకు వచ్చిండు.

ఇరవై రెండు నిమిషాలు లేట్. నేను ఏమనలే.