ఏ వార్డు కౌన్సిలర్ వదినా?

ఒరేయ్ అబ్బాయీ, నా కోసం నీ చదువు బలి ఇమ్మని నిన్నెవరడిగారు?

ముందు దానికి జవాబు చెప్పు. ఆశీస్సులు తర్వాత.

సరే, అమ్మని కదా, అవి కూడా ఇప్పుడే తీసుకో. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. నీకు మంచి బుద్ధి ఇవ్వాలి, అంతకంటే ముందు కాస్త పౌరుషం ఇవ్వాలి. ఇక్కడ మేమిద్దరం క్షేమం. నువ్వూ క్షేమమని రాశావు గానీ నేను నమ్మను. క్షేమంగా ఉన్నవాడు అలాంటి ఉత్తరం రాయడు. నిన్న సాయంత్రం నుంచి ఫోన్ చేస్తున్నాను, ఎత్తవు. ఎత్తితే అరుస్తానని భయం. కాగితం మీద కూడా అరవొచ్చని ఇవాళ తెలుసుకుంటావు. మన వీధి దర్జీ బట్ట కొనడానికి మొదటి బస్సుకి మీ ఊరొస్తున్నాడు. ఇది అతని చేతికిస్తున్నాను. మధ్యాహ్నానికల్లా నీకందుతుంది.

నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. వాపు తగ్గింది. మెట్లు దిగేటప్పుడు మాత్రం మెట్టుకొకసారి నన్ను తిడుతున్నారు, ఆ మెట్లు నేనే కట్టించినట్టు. నీ ఉత్తరం ఆయనే పైకి చదివారు. చదివి, కళ్ళద్దాలు తీసి, "వీడు అచ్చం నీ కొడుకే. ఎవరూ అడక్కుండానే సిలువ ఎత్తుకుంటాడు" అన్నారు.

ఏం రాశావురా నువ్వు? "అమ్మా, నేను కౌన్సిలింగ్ సైకాలజీ పీజీకి దరఖాస్తు పెడితే ఇక నీ ప్రసంగాలు ఆపేస్తానని సంఘం పెద్దాయన ఫోన్ చేశారు. ఇరవై ఏళ్ళుగా నువ్వు నిలబడి వాక్యం చెప్తున్న చోటు నా వల్ల పోకూడదు. అందుకే మానేస్తున్నాను" అనా? ఎంత పుణ్యాత్ముడివి! కొండ మీద కొడుకుని బలివ్వబోయిన తండ్రి కథ నాకు తెలుసు. ఆ తండ్రి చేతినే దేవుడు ఆపాడు. అమ్మ పేరు చెప్పి, తన కాళ్ళూ చేతులూ తనే కట్టేసుకుని, వెళ్ళి కట్టెల మీద పడుకున్న కొడుకు కథ మాత్రం పరిశుద్ధ గ్రంథం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికినా దొరకలేదు. నీకు దొరికితే ఏ అధ్యాయమో చెప్పు.

అసలు గొడవ ఎలా మొదలైందో నీకు సగమే తెలుసు. పెద్దాయన తనకి పనికొచ్చే సగం చెప్పి ఉంటారు. మిగతా సగం విను.

ఆ ఆదివారం ప్రార్థన అయిపోయి అందరం కుర్చీలు సర్దుతున్నాం. పెద్దాయన భార్య నా దగ్గరికొచ్చి, "మీ అబ్బాయి కౌన్సిలర్ అవుతున్నాడటగా వదినా? ఏ వార్డు?" అని అడిగింది. పాపం, ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. నాన్న ఊరుకుంటారా? వెనక నుంచి, "ఓటుకెంత ఇస్తాడో కూడా కనుక్కోమ్మా" అన్నారు.

"వార్డూ కాదు, ఓట్లూ కాదు వదినా" అన్నాను. "మనసు బాగోలేనివాళ్ళు చెప్పుకునేది వినిపించుకుని, దారి వెతుక్కోవడానికి సాయం చేసే చదువు. కౌన్సిలర్ అంటే మన గ్రంథంలో మాట చెప్పనా? ఆలోచనకర్త!"

నా తెలివికి నేనే మురిసిపోయాను. బడిలో ఐదో తరగతి దాటనిదాన్ని, గ్రంథం పట్టుకుని కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నదాన్ని. ఒక ఇంగ్లీషు మాటకి అంత పెద్ద మాట అందించానని నా పొంగు నాది. పెద్దాయన పాటల పుస్తకాలు కట్ట కడుతున్నవారు గబుక్కున ఇటు తిరిగారు.

"ఆ పేరు ఎవరిదో తెలిసే అంటున్నారా చెల్లెమ్మా? అది దేవుడి పేరు. మీవాడు దాన్ని బోర్డు మీద రాయించుకుని, గంటకింతని పుచ్చుకుంటాడా?"

"కాపరి అన్నది మాత్రం ఎవరి పేరన్నయ్యా? అదీ దేవుడిదే కదా! బయట బోర్డు మీద మీ ఫొటో కింద ఇంత లావు అక్షరాలతో రాయించారు. ఆ రంగింకా ఆరనేలేదు."

"అది వేరు! మనసు బాగోలేకపోతే మోకరించాలి. మోకాళ్ళుండగా కౌన్సిలింగ్ ఎందుకు?"

"ఆ మోకాళ్ళే నొప్పి చేస్తే? మా ఆయనకి ఎముకల డాక్టరు పేరు చెప్పింది మీరే కదా!"

అంతే, గది గదంతా నవ్వింది. పెద్దాయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వే కొంప ముంచింది. వాదనలో ఓడిన మగాడు మర్నాటికి మరిచిపోతాడు. నవ్వులపాలైనవాడు మాత్రం మరిచిపోడు.

పేరు ఎవరిదని పోట్లాడుకుంటే పోట్లాడుకుందాం, నాకు సరదానే. నాకు ఒళ్ళు మండింది దర్జీ భార్య విషయంలో. కాన్పయ్యాక ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డనెత్తుకోదు, తిండి ముట్టదు. పెద్దాయన నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, విశ్వాసం తగ్గిందన్నారు. ఉపవాసం ఉండమన్నారు. బాలింతని! చచ్చిపోతే బాగుండునని పొద కింద పడుకున్న ప్రవక్తకి దేవుడు ప్రసంగం పంపాడా? వేడివేడి రొట్టె పంపాడు. కూజాతో నీళ్ళు పంపాడు. తిన్నాక మళ్ళీ పడుకోనిచ్చాడు. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ఈ పెద్దాయన ఆ పేజీ అతికించేసుకున్నారో ఏమో!

అప్పుడేగా వాళ్ళ అరుగు మీద నుంచి నీకు ఫోన్ చేశాను. నా నోటి నిండా వాక్యాలే. ఏం చెప్పాలిరా అంటే నువ్వన్నది గుర్తుందా? "ఏం చెప్పకమ్మా. పక్కన కూర్చుని బిడ్డ గుడ్డలు మడతపెట్టు. తను మాట్లాడితే విను." నన్ను, నోరు మూసుకోమన్నావు! ఇరవై ఏళ్ళలో ఎవరూ చెయ్యలేని పని. మూసుకున్నాను. ఉన్న గుడ్డలన్నీ మడతపెట్టాను. అయిపోతే విప్పి మళ్ళీ పెట్టాను. చివరికి గోడవైపు నుంచే అంది, "బిడ్డ ఏడుస్తుంటే పక్కింట్లో ఏడుస్తున్నట్టుందక్కా" అని. నా చేతులు ఆగిపోయాయి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఇది జబ్బేనంది డాక్టరమ్మ, మందిచ్చింది, కౌన్సిలింగ్ కూడా కావాలంది. చీటీలిచ్చే కిటికీ దగ్గరికెళ్తే అక్కడ కూర్చున్నతను తల ఎత్తకుండా, "రెండు నెలల తర్వాత రండి" అన్నాడు. కొంప అంటుకుంటే రెండు నెలల తర్వాత రమ్మంటావా అని గొడవపడ్డాను. అతనేం చేస్తాడు? అంత ఆస్పత్రికి ఆ పని చేసే మనిషి ఒక్కతే ఉంది. ఆ గది బయట బెంచీలు నిండి, జనం గోడకానుకుని నిలబడ్డారు. అది కళ్ళారా చూసొచ్చి నెల తిరక్కుండానే, నిన్న నీ ఉత్తరం! మానేస్తాడట, మహానుభావుడు!

ఇప్పుడు ఆ పిల్ల నయమే. మందు పనిచేస్తోంది. నిన్న బిడ్డకి తనే నీళ్ళు పోసింది. ఈ సంగతి నీకు చెప్పమన్నది ఆమే. నీ దరఖాస్తులో మాత్రం ఒక్క ముక్క రాయడానికి వీల్లేదు. ఆమె బాధ ఆమెది, నీ సీటుకి నిచ్చెన కాదు.

"ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారో పేజీన్నర రాయాలి, నాకేం తోచడం లేదు" అన్నావు. తోచకపోవడమేంటి? కాలేజీ లైబ్రరీ కౌంటర్లో కూర్చుంటావు. పుస్తకం తిరిగివ్వడానికొచ్చిన పిల్లలు ఇచ్చేశాక కూడా కదలరని, వెనక వరస గోల పెడుతుందని, మీ పైఅధికారి "ఇది లైబ్రరీయా, నీ పుట్టిల్లా?" అని దెప్పుతాడని నువ్వే కదా చెప్పావు? ఎందుకు కదలరో రాయి. వాళ్ళకేం చెప్పాలో తెలియక ఎన్నిసార్లు ఇంటికొచ్చి అన్నం మానేశావో అదీ రాయి. తెలియదు గనకే నేర్చుకోవడానికొస్తున్నానని రాయి. పెద్ద పెద్ద మాటలు వద్దు. పెద్ద మాట వాడి మీ అమ్మ ఏం తెచ్చుకుందో చూశావుగా.

నీకు పాఠాలు చెప్పిన మేడమ్ గురించి కూడా రాశావు. సిఫారసు రాస్తానంటూనే, "మీ అమ్మ బోధకురాలు కదా, నీ దగ్గరికొచ్చినవాళ్ళకి వాక్యం చెప్పకుండా ఉండగలవా?" అని అడిగితే తల దించుకుని వచ్చేశావట. చదవగానే నాకు నషాళానికంటింది. ఇక్కడ పెద్దాయనేమో దేవుడి పేరు దొంగిలించావంటారు, అక్కడ ఆవిడేమో దేవుణ్ణి జేబులో పెట్టుకొస్తావంటుంది! అయినా, కోపం దిగాక చెప్తున్నా, ఆవిడ ప్రశ్న న్యాయమైందే. నాది చెప్పే పని, నీది వినే పని. మన గ్రంథంలో, అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న నీతిమంతుడి స్నేహితులు నోరు మెదపనంత కాలం బాగానే ఓదార్చారు, నోరు తెరిచాకే పాడుచేశారు. నువ్వు ఆ గదిలో కూర్చుని నాలాగా ప్రసంగం మొదలుపెడితే నేనే వచ్చి నీ కింద కుర్చీ లాగేస్తాను. ఈ మాట మీ మేడమ్‌కి చెప్పు. తలెత్తి చెప్పు.

ఇక, పెద్దాయన నాతో ఏమన్నారని అడిగావు. ఇంతసేపూ ఆ ప్రశ్న చుట్టూ తిరిగాను గానీ దగ్గరికి రాలేదు. చెప్పడానికి నోరు రావడం లేదురా.

నా ప్రసంగాలు ఎప్పుడో ఆపేశారు. కుర్చీల దగ్గర నవ్విన మరుసటి ఆదివారమే. "ఆపేస్తాను" అని నిన్ను బెదిరించారు చూడు, అప్పటికే ఆపేసి బెదిరించారు. "ఆదివారం ఎలా జరిగిందమ్మా?" అని నువ్వు ఫోన్లో అడిగితే బాగా జరిగిందన్నాను. జరిగింది నిజమే. నేను మూడో వరసలో కూర్చున్నానని చెప్పలేదు, అంతే. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాయనా. కాబట్టి నువ్వు దేన్ని కాపాడదామని చదువు మానుకున్నావో అది నీ చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు.

ఇంకా ఉంది. నిన్న సాయంత్రం పెద్దాయన, ఆయన భార్య, ఇంకో ఇద్దరు మన ఇంటికొచ్చారు. మొహం వెలిగిపోతోంది. "అబ్బాయి బుద్ధిమంతుడు చెల్లెమ్మా. మానేశానని నాకే ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం మీరే మాట్లాడాలి. మీవాడు ఆ దారి విడిచిపెట్టాడని సాక్ష్యంగా ఒక్క మాట చెప్పండి, చాలు" అన్నారు.

దేవుడి ముందు దాచను, నీ దగ్గరెందుకు దాచాలి? ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆ చోటు అంటే నాకు అంత ఇష్టం. ఆ ఇష్టం చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఊపులో నోటికేం వచ్చిందో తెలుసా?

"మానెయ్యడమేంటన్నయ్యా? దరఖాస్తు మొన్ననే పంపేశాడు. పంపుతుంటే నేను ఫోన్లో కళ్ళారా చూశాను" అన్నాను.

నాన్నకి పొలమారింది.

అబద్ధం! అబద్ధమాడే నాలుక గురించి ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నానో నీకు తెలుసు. అలాంటిదాన్ని నలుగురి ముందు, నదురూ బెదురూ లేకుండా, పైగా కళ్ళారా చూశానని సాక్ష్యంతో సహా! వాళ్ళు వెళ్ళాక నాన్న, "ఏం బోధకురాలా, ఇప్పుడేం చేస్తావు?" అన్నారు. నిద్రపట్టలేదు. "మొన్న పంపాడు, నేను చూశాను" అన్నది నా పాపం, దాన్ని ఆదివారం పెద్దాయన ముందు నిలబడి నేనే ఒప్పుకుంటాను. ఇంకా నవ్వుతారు, నవ్వనీ. కానీ "పంపాడు" అన్న మాట ఒక్కటి ఉంది చూడు, దాన్ని నిజం చెయ్యడం నా వల్ల కాదు, నాన్న వల్ల కాదు, ప్రార్థన వల్ల కూడా కాదు. నీ ఒక్కడి వల్లే అవుతుంది.

గడువు ఈ రోజుతో ఆఖరని నువ్వే రాశావు. రేపు నువ్వెంత ఏడ్చినా అది అబద్ధంగానే ఉండిపోతుంది. నా గౌరవం కాపాడాలని అంత ఉబలాటంగా ఉంటే ఇదిగో, కాపాడు. దర్జీకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు. ఈ కాగితం పక్కన పడేయి. ఆ పేజీన్నర రాయి, బాగా రాకపోయినా సరే, రాయి. మీ మేడమ్‌కి ఫోన్ చెయ్యి. చీకటి పడేదాకా ఆగకు, అన్నం తిని కూర్చుంటాననకు. లే నాయనా, ఇప్పుడే పంపు!

ఇట్లు,
నీ కోసం అబద్ధమాడి, కోపమింకా తగ్గని
మీ అమ్మ